బతుకమ్మ రాత్రి ఫోటోలో నాయిస్ పోగొట్టడం ఎలా? లైట్‌రూమ్, డార్క్‌టేబుల్ రివ్యూ

అందరికీ నమస్కారం. స్క్రీన్ మీద ఉన్నది సద్దుల బతుకమ్మ రాత్రి తీసిన ఫోటో. చెరువు కట్ట మీద ఒక్క ట్యూబ్‌లైటు, బతుకమ్మల మీద దీపాలు, అంతే వెలుతురు. ఐఎస్ఓ, అంటే అందిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే సెట్టింగ్, 6400 పెట్టినా చీకటిగానే వచ్చింది. ఇప్పుడు ఎక్స్‌పోజర్ రెండు స్టాపులు, అంటే వెలుతురు నాలుగు రెట్లు, పెంచుతున్నాను, చూడండి. జుట్టు నల్లగా ఉన్నచోట ఊదా, ఆకుపచ్చ మచ్చలు తేలాయి. చీరల మీదంతా ఇసుక చల్లినట్టు గరుకు. ఈ మచ్చల్నీ గరుకునీ కలిపే నాయిస్ అంటారు.

చాలామంది ఐఎస్ఓ పెంచడం వల్లే నాయిస్ వస్తుందనుకుంటారు. అసలు కారణం వెలుతురు చాలకపోవడం. ఒక పిక్సెల్‌కి 10,000 ఫోటాన్లు, అంటే వెలుతురు కణాలు, అందితే వాటిలో హెచ్చుతగ్గులు సుమారు 100 ఉంటాయి. అంటే 1 శాతం, కంటికి ఆనదు. అదే పిక్సెల్‌కి 100 ఫోటాన్లే అందితే హెచ్చుతగ్గులు 10. అంటే 10 శాతం, కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ఈ ఫోటోలో దీపం పక్కనున్న ముఖం శుభ్రంగా ఉంది, వెనక వరుసంతా గరుకుగా ఉంది. ఐఎస్ఓ తగ్గించి తీసి, తర్వాత కంప్యూటర్‌లో పెంచుకుందామన్నా ఈ లెక్క మారదు.

సాఫ్ట్‌వేర్ బాగుందో లేదో చెప్పడానికి నేను చూసేది గునుగు పువ్వునే. తంగేడు, బంతి రేకులు వెడల్పుగా ఉంటాయి, ఎంత నునుపు చేసినా తట్టుకుంటాయి. గునుగు అలా కాదు. కంకి నిండా సన్నటి నూగు, ఒక్కో పోగు ఒకటి రెండు పిక్సెళ్లకు మించదు. సాఫ్ట్‌వేర్‌కి నూగుకీ నాయిస్‌కీ తేడా తెలియడం చాలా కష్టం. స్లైడర్ అతిగా లాగితే, ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా సరే, గునుగు కంకి ప్లాస్టిక్ పుల్లలా మారిపోతుంది. ఇక్కడ జూమ్ చేశాను, ఎడమవైపు ఒరిజినల్, కుడివైపు ఫుల్‌గా లాగినది. రంగు అద్దిన పువ్వు అని కూడా గుర్తుపట్టలేం.

ముందుగా లైట్‌రూమ్, నెలనెలా డబ్బు కట్టి వాడే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. ఇందులో నాయిస్ తగ్గించే ఏఐ డీనాయిస్ 2023 ఏప్రిల్‌లో వచ్చింది. ఇది రా ఫైళ్ల కోసం, అంటే కెమెరా సెన్సర్‌కి అందినదాన్ని జేపెగ్‌గా మార్చకుండా దాచిన ఫైళ్ల కోసం, చేసిన ఫీచర్, అది గుర్తుంచుకోండి. బటన్ నొక్కితే 100 దాకా స్లైడర్ వస్తుంది, మామూలుగా 50 దగ్గర ఉంటుంది. నేను ఈ ఫోటోకి 35 దగ్గర ఆపాను. రంగు మచ్చలు పూర్తిగా పోయాయి, గునుగు నూగు చాలావరకు నిలిచింది, కాస్త గరుకు మిగిలింది. ఆ మాత్రం గరుకు ఉండాలి కూడా. చర్మం చర్మంలా కనిపించేది దానివల్లే. ఎంత టైమ్ పడుతుందన్నది మీ గ్రాఫిక్స్ కార్డు మీద ఆధారపడి ఉంటుంది. పాత ల్యాప్‌టాప్ అయితే ఓపిక పట్టాలి.

ఏఐ టూల్ ఏదైనా సరే, ఒక్క జాగ్రత్త తప్పనిసరి. సమాచారం చాలని చోట అది ఊహించి నింపుతుంది. పట్టుచీర జరీ అంచులో నేతలో లేని గీతలు రావచ్చు. వెనక వరుసలో గోరంత కనిపించే ముఖాలకు కళ్లూ కనుబొమ్మలూ తన లెక్క ప్రకారం గీసేయవచ్చు. ప్రొడక్ట్ ఫోటోలో అయితే సర్దుకుపోవచ్చు. ఇంట్లోవాళ్ల ఫోటోలో మాత్రం వద్దు. అమ్మమ్మ ముఖం మసకగా ఉన్నా పర్లేదు, అది అమ్మమ్మ ముఖమే అయ్యుండాలి. అందుకే సేవ్ చేసేముందు ప్రతి ముఖాన్నీ 100 శాతం జూమ్‌లో ఒరిజినల్‌తో పోల్చి చూడండి.

నెలనెలా సబ్‌స్క్రిప్షన్ కట్టలేం అనేవాళ్లకు డార్క్‌టేబుల్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. పూర్తిగా ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఇందులో ఒక్కో పనికి ఒక్కో మాడ్యూల్ ఉంటుంది, డీనాయిస్ ప్రొఫైల్డ్ అనే మాడ్యూల్ నాకు చాలా ఇష్టం. ఒక్కో కెమెరా మోడల్‌ ఏ ఐఎస్ఓలో ఎంత నాయిస్ ఇస్తుందో ముందే కొలిచి పెట్టారు. ఈ మాడ్యూల్ ఆన్ చేయగానే మీ కెమెరా లెక్క అదే తీసుకుంటుంది. పైగా రంగుల నాయిస్‌ని, అంటే ఆ రంగు మచ్చల్ని, వెలుతురు నాయిస్‌ని, అంటే ఆ గరుకుని, విడివిడిగా తగ్గించుకోవచ్చు. రంగుల నాయిస్ గట్టిగా తగ్గించాను, రెండోదాన్ని కొద్దిగానే ముట్టుకున్నాను. ఇదిగో గునుగు, పోగు పోగుగా అలాగే ఉంది. ఫోటో మొత్తం మీద లైట్‌రూమ్ అంత శుభ్రంగా లేదు, పాత ఫిల్మ్ ఫోటోలా సన్నటి గరుకు ఉంది. నాకైతే ఇదే నచ్చింది. నేర్చుకోవడానికి మాత్రం టైమ్ పడుతుంది, మాడ్యూళ్లు బోలెడు.

సబ్‌స్క్రిప్షన్ లేకుండా ఒకేసారి డబ్బు కట్టి కొనుక్కోవాలంటే డీఎక్స్ఓ ప్యూర్‌రా అనే డీనాయిస్ సాఫ్ట్‌వేర్ చూడండి. అదీ రా ఫైళ్లకే.

ఇక ఫోన్‌లో తీసిన జేపెగ్ ఫోటోల సంగతి. 14 బిట్ రా ఫైల్‌లో ఒక్కో రంగుకి 16,384 మెట్లుంటే, జేపెగ్‌లో 256 మాత్రమే. పైగా ఫోన్ అప్పటికే నునుపు చేసి ఇచ్చేసింది. స్నాప్‌సీడ్ అనే ఫోన్ యాప్‌లో చీకటి భాగాలను వెలిగించే షాడోస్ కొంచెం పెంచండి, సన్నటి వివరాలను ఎత్తి చూపే స్ట్రక్చర్ జోలికి మాత్రం వెళ్లకండి, ఉన్న గరుకంతా ఉబ్బుతుంది. మరీ పాడైన ఫోటో అయితే బ్లాక్ అండ్ వైట్ చేసేయండి, రంగు మచ్చల బెడద ఉండదు. ఎవరి దగ్గరైనా ఫోటో తీసుకుంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఇంకోటి, ఎక్కడ చూపిస్తారో ముందే అనుకోండి. 6000 బై 4000 ఫోటోని 1500 బై 1000కి తగ్గిస్తే 16 పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి, నాయిస్ దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. స్టేటస్‌కి పెట్టే ఫోటోకి ఇంత కష్టం అక్కర్లేదు. ఫ్రేమ్ కట్టించే ఫోటోకే ఈ పనంతా.

రా తీసే అలవాటుండి, లైట్‌రూమ్ ఇప్పటికే వాడుతుంటే వేరేది కొనాల్సిన పని లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డార్క్‌టేబుల్‌తో మొదలుపెట్టండి. పనికిరావని పక్కన పడేసిన పాత రా ఫైళ్లు ఏ హార్డ్ డిస్క్‌లోనైనా ఉంటే దయచేసి డిలీట్ చేయకండి. అప్పటి సాఫ్ట్‌వేర్‌తో రానిది ఇప్పుడు వస్తోంది. ఒక్క ఫైల్ తెరిచి ప్రయత్నించండి, ఎక్కడైనా ఆగిపోతే కామెంట్‌లో అడగండి, కెమెరా మోడల్, ఐఎస్ఓ రెండూ రాయండి.