వేసవిలో పొమేరియన్ బొచ్చు: గుండు చేయించకుండా ఇంట్లోనే దువ్వే పద్ధతి

నమస్కారం. ఎండలు ముదరగానే పొమేరియన్‌ను పెంచుకునే ఇళ్లలో ఏటా ఒకే మాట వినిపిస్తుంది: ఇంత బొచ్చుతో పాపం ఉడికిపోతోంది, మిషన్ పెట్టి గుండు చేయిద్దాం అని. ఆ మాట వెనక ఉన్నది ప్రేమే అయినా, దానివల్ల కుక్కకు మేలు జరగదు. ఎందుకు జరగదో ముందు చెప్పి, ఆ బొచ్చును ఇంట్లోనే ఎలా పలుచన చేయాలో మా బుజ్జి మీద చేసి చూపిస్తాను.

మన ఊళ్లలో పొమేరియన్ అని పిలిచే తెల్ల కుక్కల్లో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్ జాతివి. ఏ పేరుతో పిలిచినా వీటి బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. ఇదిగో, వెంట్రుకలను పాయ తీస్తున్నాను, దగ్గరగా చూడండి. పైన పొడవుగా, కాస్త బిరుసుగా కనిపిస్తున్నవి ఎండను, దుమ్మును అడ్డుకునే వెంట్రుకలు. వాటి అడుగున చర్మాన్ని ఆనుకుని దూదిలా మెత్తగా ఉన్నది లోపలి బొచ్చు. కుక్కకు మనకు పట్టినట్టు ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడం ద్వారానే అది ముఖ్యంగా ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. కాబట్టి బొచ్చు తీసేసినంత మాత్రాన దాని ఒళ్లు చల్లబడదు; పైగా రెంటచింతలలోనో రామగుండంలోనో కాసే 45 డిగ్రీల ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. గుండు చేశాక లోపలి బొచ్చు ముందు పెరిగి, పై వెంట్రుకలు వెనకబడి, కొన్ని కుక్కలకు నెలల తరబడి అక్కడక్కడ బోడిగానే ఉండిపోతుంది. నిజానికి గాలి ఆడకుండా చేస్తున్నది, ఊడిపోయి కూడా బయటికి రాక లోపలే ఇరుక్కున్న పాత బొచ్చు. మనం తీయవలసింది దానినే.

ఇందుకు సన్నని తీగ పళ్లున్న స్లికర్ బ్రష్, స్టీలు దువ్వెన, నీళ్లు చల్లే స్ప్రే సీసా ఉంటే చాలు. బ్రష్‌ను ముందు మీ ముంజేతి లోపలి వైపు ఒకసారి నొక్కి లాగి చూడండి. మీకు గుచ్చుకునేంత ఒత్తిడి పెడితే దానికీ గుచ్చుకుంటుంది. పూర్తిగా పొడిగా ఉన్న వెంట్రుకలు దువ్వితే తెగుతాయి కనుక రెండు మూడు సార్లు నీటి తుంపర కొట్టండి.

చాలామంది వీపు మీద పైపైన దువ్వి, నున్నగా కనిపించగానే ఆపేస్తారు, అడుగున మాత్రం చిక్కు అలాగే మిగిలిపోతుంది. ఈ పని కింది నుంచి మొదలుపెట్టాలి. వెనక తొడ దగ్గర, ఎడమ అరచేత్తో వెంట్రుకలను పైకి ఎత్తి పట్టుకుని, చర్మం గీతలాగా కనిపించేవరకు పాయ తీయండి. ఆ గీత దగ్గర నుంచి కొద్దికొద్దిగా వెంట్రుకలను కిందికి వదులుతూ, చర్మాన్ని గీరకుండా మొదలు నుంచి కొస వరకు దువ్వండి. ఒక వరుస పూర్తయ్యాక వేలెడు పైన మరో పాయ. బ్రష్ నిండా వస్తున్న ఈ తెల్లటి బొచ్చును చూసి కంగారు పడకండి, ఇది ఎప్పుడో ఊడిపోయినదే. ఆ భాగం పూర్తయిందో లేదో స్టీలు దువ్వెన చెబుతుంది: చర్మం దగ్గర పెట్టి లాగితే ఎక్కడా ఆగకుండా బయటికి రావాలి.

చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద, తోక మొదట్లో బొచ్చు ఉండలు కడుతుంది. ఇక్కడ దయచేసి కత్తెర వాడకండి. ఉండలోకి చర్మం కూడా లాగబడి ఉంటుంది, కంటికి కనిపించదు, కత్తెర వేస్తే తెగేది అదే. ఉండ మీద కొంచెం కార్న్‌ఫ్లోర్ చల్లి, చర్మం లాగకుండా మొదలును రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని, కొస నుంచి మొదలు వైపుకు కొంచెం కొంచెంగా దువ్వెన పళ్లతో విడదీయండి. కుక్క విసిగితే ఆపి, మిగిలినది సాయంత్రం చేయండి. నొప్పి పెట్టి ఒక్క పూటలో ముగించిన పని, మరుసటి వారం బ్రష్ చూడగానే అది మంచం కింద దూరేలా చేస్తుంది.

దువ్వడం ముగిశాకే స్నానం, ఎందుకంటే చిక్కు తడిస్తే మరింత బిగుసుకుంటుంది. నెలకు ఒకసారి, గోరువెచ్చని నీళ్లతో, కుక్కల కోసం తయారైన షాంపూతో చేయించండి. మన చర్మానికీ దాని చర్మానికీ ఆమ్లత్వంలో తేడా ఉంది, కాబట్టి మనం వాడే షాంపూ దానికి పొడిబారడాన్ని, దురదను తెస్తుంది. ఫినైల్ లాంటి క్రిమిసంహారకాలు కలిపిన నీళ్లు ఎట్టి పరిస్థితిలోనూ పోయకండి, అది నాకడం వల్ల విషం లోపలికి పోతుంది. లోపలి బొచ్చు తడిగా మిగిలితే చర్మం పాచి వాసన వేసి పుండు పడుతుంది, అందుచేత తువ్వాలుతో అద్ది, ఫ్యాను కింద మళ్లీ పాయలు తీస్తూ ఆరబెట్టండి. చెవులకు బయట కనిపించే భాగాన్ని దూదితో తుడిస్తే చాలు, బడ్స్ లోపలికి పెట్టకూడదు. గోళ్ల సంగతి మరో వీడియోలో విడిగా చూపిస్తాను.

పాయలు తీస్తున్నప్పుడే చర్మాన్ని పట్టుకుని రక్తం పీల్చే గోమార్లు దొరుకుతాయి. కాలి వేళ్ల సందులు, చెవి మడతలు తప్పకుండా చూడండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం మన వైపు అలవాటుగా ఉన్నా రెండూ ప్రమాదకరమే. పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టి, మెలితిప్పకుండా నిదానంగా నేరుగా పైకి లాగి, స్పిరిట్ ఉన్న సీసాలో వేయండి; వేళ్లతో నలపకండి. ఆడ గోమారి గుడ్లు పెట్టేది కుక్క ఒంటి మీద కాదు, గోడ పగుళ్లలో, నేల సందుల్లో. అందుకే పడుకునే గుడ్డలను వేడినీళ్లలో ఉతికి, ఆ మూలను కూడా శుభ్రం చేయాలి. గోమార్లు తీసిన తరువాత మూడు వారాల లోపు జ్వరం వచ్చినా, తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా ఇంట్లో మందులతో కాలయాపన చేయకుండా వెంటనే పశువైద్యుల దగ్గరికి తీసుకువెళ్లి, గోమార్లు కుట్టిన సంగతి ముందే చెప్పి, గోమార్ల ద్వారా సోకే ఎర్లికియా, బబీసియా అనే రోగక్రిముల కోసం రక్తపరీక్ష చేయమని అడగండి.