నిమ్మకాయ పిండినట్టు

శ్రోతలకు నమస్కారం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో లెక్కలు రాస్తాను. ఇల్లు మంగళగిరిలో. ఇరవై రెండేళ్లుగా పొద్దున్నే వారధి దాటి రావడం, సాయంత్రం వారధి దాటి పోవడం. కిందటేడాది జూన్‌లో ఆ దారిలోనే బండి మీద నుంచి పడ్డాను. ఎలా పడ్డానో, ఎలా లేచానో, లేచాక ఏం నేర్చుకున్నానో చెబుతాను. మీ ఇంట్లో టూ వీలర్ ఉంటే ఈ మాటలు మీకోసమే.

ఆ రోజు తొలకరి. పది నిమిషాలు చినుకులు పడి ఆగాయి. రోడ్డు నల్లగా, తళతళా మెరుస్తోంది. తాడేపల్లి దాటాను. స్పీడు యాభై. ముందు ఒక ప్యాసింజర్ ఆటో పోతోంది. రోడ్డు పక్కన ఎవరో చెయ్యెత్తారు. ఆటో ఉన్నచోటే ఆగిపోయింది. నా కుడికాలు వెనక బ్రేకు మీద పడింది. ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. వెనక చక్రం బిగుసుకుపోయింది, బండి తోక ఎడమకి తిరిగింది, నేను కుడివైపు పడి, కుడిచెయ్యి నేలకి ఆనించాను. మణికట్టులో టక్కుమన్న శబ్దం నాకు వినిపించింది. ఆటోకి తగల్లేదు, వెనక వస్తున్న లారీ ఆగింది. అది నా అదృష్టం.

తొలకరి ఎందుకు ప్రమాదమో అప్పటికి నాకు తెలీదు. ఎండాకాలమంతా రోడ్డు మీద కారిన ఆయిలు, డీజిలు, అరిగిన టైర్ల పొడి, దుమ్ము, అన్నీ అక్కడే పేరుకుని ఉంటాయి. మొదటి చినుకులకి అవి తేలి సబ్బు నురగలా అవుతాయి. గంటసేపు కుండపోత కురిస్తే కొట్టుకుపోతాయి. అందుకే పెద్దవాన కంటే ఆ మొదటి పావుగంటలో ఎక్కువ భయపడాలి.

పడ్డాక జనం మూగారు. ఒకాయన గబగబా వచ్చి నా హెల్మెట్ లాగబోయాడు. లారీ డ్రైవరు కేకేశాడు. "తియ్యకండన్నా, మెడకి దెబ్బ తగిలుంటే చచ్చిపోతాడు" అన్నాడు. ఆ మాట నిజం. ఊపిరాడక ఇబ్బంది పడుతుంటే తప్ప, పడ్డ మనిషి హెల్మెట్ మనంతట మనం లాగకూడదు. పక్కనే మొక్కజొన్న పొత్తులు కాల్చే ఒక పెద్దావిడ బొగ్గుల మీద పొత్తుల్ని అలాగే వదిలేసి వచ్చి, నా ముఖానికి గొడుగు పట్టి కూర్చుంది. 108 వచ్చేదాకా లేవలేదు. ఆవిడ పొత్తులు మాడిన వాసన నాకింకా గుర్తుంది.

మన రాష్ట్రంలో 108 సేవ 2005లో మొదలైంది. నంబరు అందరికీ తెలుసు. అయినా ఫోన్ చెయ్యడానికి చాలామంది జంకుతారు, పోలీసులు సాక్ష్యానికి తిప్పుతారని. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 134ఏ సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో ప్రమాద బాధితుడికి సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదు. మీ పేరు, అడ్రసు చెప్పి తీరాలని బలవంతం చెయ్యడానికీ వీల్లేదు. కాబట్టి ధైర్యంగా ఆగండి. ఆ పెద్దావిడకి ఈ సెక్షన్లేవీ తెలీవు. అయినా వచ్చింది.

ఎక్స్ రేలో కుడి మణికట్టు ఎముక విరిగిందని తేలింది. పుత్తూరు కట్టు కట్టించమని చుట్టాలు చెప్పారు. వాళ్లు ప్రేమతోనే చెప్పారు. నా మాట ఒక్కటే. ఏ కట్టు కట్టించుకున్నా ముందు ఎక్స్ రే తీయించండి. ఎముక చోటు తప్పిందో లేదో చేత్తో తడిమి చెప్పలేరు. నాకు ఎముక సరిచేసి ఆరు వారాలు పిండికట్టు వేశారు. కట్టులో ఉన్నా వేళ్లు కదుపుతూ ఉండమన్నారు, లేకపోతే బిగుసుకుపోతాయని.

నొప్పి మాత్రలకి తగ్గింది. అన్నం దగ్గరే ఓడిపోయాను. కుడిచెయ్యి లేని మనిషి కంచం ముందు ఎలా ఉంటాడో అప్పుడు తెలిసింది. ఎడమచేత్తో చెంచా పట్టుకుంటే పప్పన్నం సగం ఒళ్లో పడేది. మా ఆవిడ గోంగూర పచ్చడి కలిపి ముద్దలు చేసి కంచంలో వరసగా పెట్టేది. యాభై ఏళ్లకి దగ్గరపడిన మనిషిని, చిన్నపిల్లాడికి పెట్టినట్టు. ఎవరూ చూడకుండా రెండుసార్లు ఏడ్చాను. కట్టు విప్పాక కూడా చెయ్యి నాది కానట్టే ఉంది. సన్నబడిపోయింది, పిడికిలి మూయలేను.

ఫిజియోథెరపీకి వెళ్లాను. ఆ అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. చేతిలో ఒక స్పాంజి బంతి పెట్టింది. నేను ఆత్రంగా గట్టిగా నొక్కాను, ప్రాణం పోయింది. "అలా గుప్పున నొక్కొద్దు అంకుల్. నిమ్మకాయ పిండినట్టు పిండండి. ముందు మెత్తగా, పట్టు దొరికాక బలంగా" అంది. రోజుకి మూడు పూటలు, పూటకి ఇరవైసార్లు. తడి తువ్వాలు పిండటం, తలుపు గొళ్లెం తిప్పటం కూడా. పదకొండో వారంలో ముద్ద కలుపుకుని తిన్నాను. ఆ ముద్దలో నెయ్యి కూడా లేదు, అయినా ఆ రుచి మర్చిపోలేను.

చెయ్యి వచ్చింది కానీ భయం పోలేదు. మా అబ్బాయి స్కూటర్ వెనక కూర్చుంటే, వాడు ఏ ఆటో వెనకాలకి వెళ్లినా నా కుడికాలు గాల్లో బ్రేకు తొక్కేది. తడి రోడ్డు మీద టైరు చప్పుడు వింటే అరచేతులు చెమటలు పట్టేవి. రాత్రి నిద్రలో ఉలిక్కిపడేవాణ్ణి. దీన్ని టెన్షన్ అని తీసిపారేయకండి. ఇంట్లో పడిలేచినవాళ్లుంటే "మగాడివి, ఆ మాత్రానికేనా" అనకండి. వారాలు గడిచినా నిద్ర పట్టకపోతే డాక్టరుకి చెప్పాలి. విరిగిన చెయ్యి గురించి చెప్పుకోవడానికి సిగ్గుపడనప్పుడు, దీనికి మాత్రం సిగ్గెందుకు?

ఇక అసలు సంగతి. బండి రిపేరుకి మా షాపు పక్క మెకానిక్ దగ్గర పెట్టాం. ఆయన పాత విడిభాగాలు నా ముందు పరిచాడు. "గుమాస్తా గారూ, ఇవి చూడండి. వెనక బ్రేక్ షూలు ఇప్పటికి మూడుసార్లు మార్చాను. ముందు డిస్క్ ప్యాడ్లు మాత్రం కొన్ననాటివి కొన్నట్టే ఉన్నాయి. ముందు బ్రేకు మీరు ముట్టుకోవడమే లేదు. ఇది నేనెప్పుడో చెప్పాల్సింది" అన్నాడు.

నిజమే. నాకు బండి నేర్పింది మా మేనమామ. "ముందు బ్రేకు జోలికి పోకురా అల్లుడూ, ఎత్తి అవతల పడేస్తుంది" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నేళ్లు నడిపాను. మావయ్య మాటలో కొంత నిజముంది. ఇసుక మీదో, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడో ముందు బ్రేకు గుప్పున పడితే పడేస్తుంది. కానీ తిన్నటి, గట్టి రోడ్డు మీద బండిని ఆపేది ముఖ్యంగా ఆ ముందు బ్రేకే. ఆగే శక్తిలో ఇంచుమించు డెబ్బై శాతం దానిదే.

ఎందుకంటే, ఆర్టీసీ బస్సులో నిలబడ్డప్పుడు డ్రైవరు బ్రేకు వేస్తే మనమంతా ఎటు తూలతాం? ముందుకి. బండి మీదా అంతే. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. ముందు టైరు రోడ్డుకి గట్టిగా అదుముకుంటుంది, వెనక చక్రం తేలికైపోతుంది. ఆ తేలికైన చక్రం మీద మనం బలమంతా పెట్టి తొక్కితే అది బిగుసుకుని జారుతుంది. దొర్లుతున్న చక్రానికే రోడ్డు మీద పట్టు. బిగిసి ఈడ్చుకుపోయే చక్రానికి ఆ పట్టు తగ్గిపోతుంది, బండి మన మాట వినదు. తాడేపల్లి దగ్గర నాకు జరిగింది అదే.

అయితే ముందు బ్రేకు ఎలా వెయ్యాలి? మెకానిక్ చెబుతుంటే నాకు ఆ స్పాంజి బంతి గుర్తొచ్చింది. ముందు మెత్తగా కుడిచేతి బ్రేక్ లీవర్ నొక్కాలి. బరువు ముందుకొచ్చి ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే స్ప్రింగు గొట్టాలు, కిందికి దిగడం చేతికి తెలుస్తుంది. అప్పుడు బలం పెంచాలి. ఇదంతా ఒక సెకనులోపే. కుడికాలు వెనక బ్రేకు మీద తేలిగ్గా. నిమ్మకాయ పిండటమే. నాకు మణికట్టు తిరిగొచ్చిన పద్ధతీ, బండి ఆగే పద్ధతీ ఒకటేనని తెలిసి ఒళ్లు ఝల్లుమంది.

తెలుసుకుంటే సరిపోదు. ప్రమాదం ఎదురైనప్పుడు బుర్ర ఆలోచించదు, అలవాటైన చోటికే చెయ్యి, కాలు పోతాయి. అందుకని ఆదివారం పొద్దున్నే ఆరింటికి మా ఊరి చివర ఇళ్లు కట్టని లేఅవుట్‌లోకి వెళ్లేవాళ్లం. హెల్మెట్, బూట్లు, ఫుల్ చేతుల చొక్కా. మా ఆవిడ ముగ్గుపిండితో రోడ్డుకి అడ్డంగా గీత గీసేది. మొదట ఇరవై స్పీడు. గీత దగ్గర బ్రేకు. ఎక్కడ ఆగానో అంగలేసి కొలిచేది. నాలుగు వారాలు ఇరవై, ముప్పై దాటలేదు. తర్వాత నలభై. పొడి రోడ్డు మీద ఒక్క వెనక బ్రేకుతో ఇరవై మూడు అంగలు పట్టింది. రెండు బ్రేకులు కలిపి పిండితే పదమూడు. పది అంగల తేడా! ఆ సాయంత్రం ఆటోకీ నాకూ మధ్య ఉన్నదే అంత.

చూపు కూడా నేర్చుకోవాల్సిందే. అడ్డొచ్చినదాన్ని చూస్తే బండి దాని మీదికే పోతుంది. ఆగబోయే చోటికి, దూరానికి చూడాలి. మోకాళ్లతో ట్యాంకుని అదిమి పట్టి, మోచేతులు వదులుగా ఉంచాలి. మలుపులో ఉంటే ముందు బండిని నిటారు చేసి అప్పుడు గట్టి బ్రేకు. ముందు చక్రం జారుతోందనిపిస్తే వెంటనే వదిలి మళ్లీ పిండాలి. వెనక చక్రం జారి తోక పక్కకి పోయినప్పుడు మాత్రం పెడల్ చటుక్కున వదిలితే బండి ఒక్కసారి నిలదొక్కుకుని మనిషిని ఎగరేస్తుంది. అందుకే అసలు అంతదాకా పోకుండా కాలు తేలిగ్గా ఉంచమనేది.

నా బండి 2014 నాటిది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు, చిన్నబండ్లకి కనీసం రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ ఉండాలన్నారు. ఏబీఎస్ ఉంటే చక్రం బిగుసుకోదు. గట్టిగా పట్టి అలాగే ఉంచాలి, లీవర్ అదురుతుంది, భయపడి వదలకూడదు. కానీ మన రోడ్ల మీద నాలాంటి పాతబండ్లు లక్షల్లో ఉన్నాయి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకొకసారి మార్పించండి, అది గాల్లో తేమ పీల్చుకుని బలం పోగొట్టుకుంటుంది. దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే ఉన్నా మళ్లీ పెట్టుకోకండి. లోపలి థర్మాకోల్ ఒక్కసారే పనిచేస్తుంది, నలిగాక దానిలో ఏమీ ఉండదు.

ఎంత బాగా బ్రేకు వేసినా దూరం లేకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు. యాభై స్పీడులో బండి సెకనుకి పద్నాలుగు మీటర్లు పోతుంది. చూసి, చెయ్యి కదిపేలోపే ఆ సెకను అయిపోతుంది. బ్రేకు పడ్డాక ఇంకో పదహారు మీటర్లు, అదీ పొడి రోడ్డు మీద. మొత్తం ముప్పై. అరవై స్పీడైతే నలభై మీటర్లు. ఆ పది స్పీడు కోసం ఒక ఆర్టీసీ బస్సు పొడవంత దూరం ఇచ్చేస్తున్నాం. నేను ఇప్పుడు ముందు బండి ఏదైనా స్తంభం దాటగానే మనసులో "అమ్మా దుర్గమ్మ తల్లీ, కాపాడమ్మా" అనుకుంటాను. నింపాదిగా అంటే రెండు సెకన్లు పడుతుంది. ఆ మాట పూర్తయ్యేలోపే నేను ఆ స్తంభం చేరితే మరీ దగ్గరగా ఉన్నట్టు. వానలో రెండుసార్లు అనుకుంటాను.

మా అబ్బాయి మొదట్లో ఈ గీతల పనికి నవ్వాడు. ఒక ఆదివారం వాడి స్కూటర్ తెచ్చి ముప్పై స్పీడులో బ్రేకు వేశాడు. గీత దాటి ఎంత దూరం పోయాడో తిరిగి చూసుకుని, బండి దిగి, అమ్మా ఇంకోసారి గియ్యి, అన్నాడు. ఆ పూట పదకొండుసార్లు వేశాడు.

మా ఆవిడ కూడా రోజూ కూరగాయలకీ, అత్తగారి మందులకీ స్కూటర్ మీదే వెళుతుంది. ఇన్ని నెలలూ గీతలు గీసింది, అంగలు కొలిచింది. ఆవిడకి నేర్పాలని నాకు తట్టనే లేదు, అది నా తప్పు. కిందటి వారం ముగ్గు డబ్బా నా చేతిలో పెట్టి తాళం అడిగింది. ఈ ఆదివారం గీత నేను గీస్తాను.

నమస్కారం.