విగ్టన్ జైలు నుంచి ఒక క్షమాభిక్ష అర్జీ

నమస్కారం. మరణశిక్ష పడిన మనిషి పైవారికి పెట్టుకునే అర్జీలో ఏముంటుంది? ‘నేను ఏ పాపం ఎరుగను, నన్ను కాపాడండి’ అని ఉంటుందనుకుంటాం. 1685 ఏప్రిల్‌లో స్కాట్లాండ్ నైరుతి మూలనున్న విగ్టన్ జైలు నుంచి మార్గరెట్ మెక్‌లాక్లన్ అనే వృద్ధురాలి పేరున ఒక అర్జీ రాజధాని ఎడిన్‌బరోకు వెళ్ళింది. అందులో మొదటి మాటే, ‘నాకు న్యాయంగానే మరణశిక్ష విధించారు’ అని.

ఆమె ఎవరినీ చంపలేదు, ఏదీ దొంగిలించలేదు. చర్చి మీద రాజు పెత్తనాన్ని ఒప్పుకోని కవనెంటర్లు అనే వర్గానికి చెందినది. 1684 చివర్లో వాళ్ళలోని తీవ్రవాదులు, తమను వేటాడేవారిపై ఎదురు తిరుగుతామని చర్చి తలుపుల మీద ప్రకటనలు అంటించారు. ఆ ప్రకటనతో నాకు సంబంధం లేదని ప్రతి ఒక్కరూ ప్రమాణం చేయాలని ప్రభుత్వం పట్టుబట్టింది. చేయనివారికి చావు. ఏప్రిల్ 13న విగ్టన్‌లో కూర్చున్న న్యాయస్థానం ఈ మార్గరెట్‌కూ, పద్దెనిమిదేళ్ళ మార్గరెట్ విల్సన్‌కూ ఒకే శిక్ష వేసింది: సముద్రపు పోటు వచ్చే చోట గుంజలకు కట్టి నీటిలో ముంచి చంపాలి. విల్సన్ చెల్లెలు యాగ్నెస్ ఇంకా చిన్నపిల్ల. తండ్రి గిల్బర్ట్ వంద పౌండ్ల పూచీకత్తు ఇచ్చి ఆ పిల్లను మాత్రం విడిపించుకోగలిగాడు.

ఇక ఆ అర్జీని కాస్త దగ్గరగా చూడండి. ప్రమాణం ఎందుకు చేయలేదంటే, ఆ ప్రకటనను సరిగా చదవకపోవడం వల్లనట. ఇప్పుడు ఆలోచించుకున్నాక అది రాజద్రోహమనీ, దైవవాక్యానికే విరుద్ధమనీ తెలిసిందట. మనస్ఫూర్తిగా ప్రమాణం చేస్తానంటుంది. వయసు డెబ్బై దాకా ఉంటుందని, దయ చూపమని వేడుకుంటుంది. చివరికి వచ్చేసరికి శిక్షను ‘న్యాయంగా విధించిన శిక్ష’ అని మళ్ళీ ఒకసారి ఒప్పుకుంటుంది. అర్జీదారుకు రాయడం రాదు కాబట్టి ఆమె తరఫున నోటరీ ఒకాయన సంతకం పెట్టాడు, సాక్షులు పక్కన నిలిచారు.

ఈ కాగితంలో ఆమె గొంతు ఎంత, నోటరీ కలం ఎంత? నాకైతే కలమే ఎక్కువ వినిపిస్తుంది. ఆ రోజుల్లో దయకు దారి ఒక్కటే. తీర్పు తప్పంటే వినే చెవి లేదు. తీర్పు సరైనదేనని తలవంచి, ముసలితనాన్నో కడుపులో బిడ్డనో చూపించి కనికరం అడగాలి. బతకాలంటే నమ్మకాన్ని తన నోటితోనే తిట్టుకోవాలి. డెబ్బై ఏళ్ళ మనిషితో ఈ మాటలు చెప్పించడం కూడా శిక్షలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

అర్జీ ఫలించింది కూడా. ఏప్రిల్ 30న రాజు తరఫున స్కాట్లాండ్‌ను పాలించే ప్రీవీ కౌన్సిల్ అనే మండలి ఇద్దరి శిక్షనూ నిలుపుదల చేసి, రాజుగారి క్షమాభిక్షకు సిఫారసు చేసింది. అయితే ఎప్పటివరకు నిలుపుదల అన్నచోట తేదీ రాయకుండా ఖాళీ వదిలేశారు. శిక్షను ఆపమన్న ఆదేశం ఎడిన్‌బరో అధికారులకు రాశారు. శిక్ష పడిందేమో సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని విగ్టన్‌లో.

అయినా మే 11న ఇద్దరినీ గుంజలకు కట్టేశారు. పెద్దావిడను ముందుకు, నీరు తొందరగా ముంచే చోట కట్టారు, ఆమె చావు చూసి చిన్నదైనా దిగివస్తుందని. మార్గరెట్ విల్సన్ కీర్తన పాడింది. నీళ్ళలోంచి పైకి లాగి, ప్రమాణం చేస్తావా అని మళ్ళీ అడిగారు. చేయనంది. తిరిగి నీళ్ళలోకి తోశారు. నిలుపుదల ఉత్తర్వును పట్టుకుని, అసలు ఈ మరణాలే జరగలేదని పందొమ్మిదో శతాబ్దంలో కొందరు వాదించారు. కానీ 1711లో ఆ ప్రాంతంలోనే ఉన్న పెనింగమ్, కర్కిన్నర్ ఊళ్ళ చర్చి పెద్దలు, చూసినవారు ఇంకా బతికి ఉండగానే, ఈ సంగతి తమ పుస్తకాల్లో నమోదు చేయించారు. కాగితం ఉంది కాబట్టి ప్రాణం దక్కి ఉంటుందనే వాదనను నేను ఒప్పుకోలేను.

యాభై ఏళ్ళ తర్వాత అదే ప్రాంతంలో ఇంకో అర్జీ సంగతి చూడండి. గర్భాన్ని దాచి, కాన్పుకు ఎవరినీ సాయం పిలవక, బిడ్డ చనిపోయో కనిపించకో ఉంటే తల్లే హంతకురాలని 1690 నాటి చట్టం. బిడ్డను చంపినట్టు రుజువు అక్కర్లేదు. 1738లో డంఫ్రీస్‌లో ఇజబెల్ వాకర్‌కు ఈ చట్టం కిందే ఉరి పడింది. గర్భం సంగతి తనతో చెప్పిందని తోబుట్టువు హెలెన్ ఒక్క మాట అంటే కేసు నిలిచేది కాదు. హెలెన్ అబద్ధపు ప్రమాణం చేయలేదు. తీర్పు వచ్చాక మాత్రం అర్జీ రాయించుకుని, 500 కిలోమీటర్లకు పైగా నడిచి లండన్ వెళ్ళి, పలుకుబడి ఉన్న స్కాట్లాండ్ ప్రభువు ఆర్గైల్ డ్యూక్‌ను కలిసి క్షమాభిక్ష తెచ్చిందని ఆ ప్రాంతంలో చెప్పుకునేవారు. ఇజబెల్ ప్రాణం దక్కింది.

హెలెన్‌కు కలిసివచ్చినది ఇంకొకటి ఉంది. 1725 నాటి చట్టం ప్రకారం ఫోర్త్ నదికి దక్షిణాన శిక్ష పడితే 30 రోజులు, ఉత్తరాన పడితే 40 రోజులు గడిచేదాకా ఉరి తీయకూడదు. అర్జీ లండన్ చేరి జవాబు రావడానికి ఆ గడువు. అయినా ఆ గడువులో కాగితం మోసుకెళ్ళే మనిషి ఉండాలి. పల్లెల నుంచి పట్నానికి పనికి వచ్చి, యజమాని ఇంట్లో ఒంటరిగా కాన్పయిన పనిపిల్లలకు ఆ మనిషి ఎక్కడినుంచి వస్తారు? 1690 చట్టం వాళ్ళ మీద 1809 దాకా నడిచింది. ఆ ఏడాది వచ్చిన కొత్త చట్టం అదే నేరానికి గరిష్ఠ శిక్షను రెండేళ్ళ జైలుకు దించింది.