ఒకటిన్నర శ్రుతిలో గిటార్: బ్లాక్ సబ్బాత్ బాణీ, దాని వారసులు

సభకు నమస్కారం.

1919లో మహారాజావారు నెలకొల్పిన సంగీత కళాశాల ఉన్న ఈ విజయనగరంలో, ద్వారం వెంకటస్వామినాయుడు గారి కమాను పలికిన ఈ ఊరిలో, ఒక ఇంగ్లండు రాక్ బృందాన్ని గురించి మాట్లాడడానికి నాకు సంకోచం లేదు. ఫిడేలు కూడా ఒకనాడు సముద్రం దాటి వచ్చిన వాద్యమే. మన విద్వాంసులు నేల మీద కూర్చుని, దానిని చీలమండకు ఆనించి, తీగలను షడ్జ పంచమాలకు సరిచేసి, గమకానికి అలవాటు చేశారు. వాద్యం చేతులు మారితే ఏమవుతుందో, ఒక బాణీ గురువు నుంచి శిష్యుడికి వెళ్లేటప్పుడు ఏది నిలుస్తుందో, ఏది జారిపోతుందో ఈ ఊరి శ్రోతలకు ఒకరు చెప్పనక్కరలేదు. బ్లాక్ సబ్బాత్ విషయంలో ఈ రోజు నేను పరిశీలించదలచుకున్నది కూడా అదే. ఆ బృందం ప్రభావం చాలా గొప్పదని అందరూ అంటారు. అయితే తరువాతివారిలో ఎవరు దేనిని అందుకున్నారు, దేనిని వదిలిపెట్టారు అన్నది చూడకుండా ఆ మాట అనడం వల్ల ప్రయోజనం తక్కువ.

బర్మింగ్‌హామ్ నగరంలోని ఆస్టన్ పేట ఫ్యాక్టరీల మధ్య పెరిగిన కార్మికుల పేట. అక్కడి నలుగురు యువకులు, గిటార్ వాయించే టోనీ ఐయోమీ, బాస్ గిటార్ వాయించే గీజర్ బట్లర్, డ్రమ్స్ వాయించే బిల్ వార్డ్, గాయకుడు ఆజీ ఆజ్బోర్న్, 1968లో ఒక బృందంగా కలిశారు. అంతకు మూడేళ్ల ముందే ఐయోమీకి, పదిహేడేళ్ల వయసులో, రేకుల ఫ్యాక్టరీలో ఆఖరి రోజు పని చేస్తుండగా కుడిచేతి మధ్య వేలు, ఉంగరపు వేలు కొసలు యంత్రం కింద తెగిపోయాయి. ఆయన ఎడమచేతివాటం మనిషి కాబట్టి తీగలను నొక్కవలసిన చెయ్యి అదే. ఇక గిటార్ వదిలేద్దామని కుమిలిపోతున్న సమయంలో ఫ్యాక్టరీ మేస్త్రీ ఒకరు జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. రైన్‌హార్ట్ అగ్నిప్రమాదంలో రెండు వేళ్ల సత్తువ పోయినా, మిగిలిన వేళ్లతోనే జాజ్ గిటార్‌లో మహావిద్వాంసుడైనవాడు. ఐయోమీ ప్లాస్టిక్ సీసాను కరిగించి తన వేళ్లకు తానే తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు అతికించుకున్నాడు. తొడుగు వేసిన వేలికి తీగ స్పర్శ తెలియదు, గట్టి తీగను అదిమితే నొప్పి పుడుతుంది. అందుకని ఆయన బాంజో తీగలు తెచ్చి గిటార్‌కు కట్టుకున్నాడు. ఇక్కడ మొదలైన సర్దుబాట్లన్నీ కలిసి తరువాత ఒక బాణీ అయ్యాయి.

వాటిలో ముఖ్యమైనది శ్రుతిని దించడం. 1971లో వచ్చిన మూడవ ఆల్బమ్‌లో కొన్ని పాటలకు ఆయన గిటార్‌ను, బట్లర్ బాస్‌ను మూడు అర్ధస్వరాల మేరకు దించారు. ఒక్కొక్క అర్ధస్వరానికి అర శ్రుతి చొప్పున మన లెక్కలో చెప్పాలంటే, మామూలుగా మూడు శ్రుతిలో ఉండే గిటార్ బొంగురు తీగ ఒకటిన్నర శ్రుతికి దిగింది. బిగువు తగ్గిన తీగ వేలికి సులువుగా లొంగుతుంది. ఐయోమీకి కావలసింది కూడా అదే. కాని బిగువుతో పాటు నాదమూ మారింది. వదులు తీగను గట్టిగా మీటితే స్వరం మొదట కొంచెం పైకి లేచి తరువాత తన స్థానానికి దిగుతుంది, మోగే కంపనం విశాలమవుతుంది. జముకు వాద్యపు తీగ మోగే మన జముకుల కథ విన్నవారికి తీగ బిగువు ఒక్కటే మారినా నాదం ఎంతగా సాగుతుందో, ఎంతగా ఒదుగుతుందో చెవికే తెలుసు.

రెండవది షడ్జ పంచమాలను మాత్రమే పట్టే పద్ధతి. యాంప్లిఫయర్‌ను మితిమీరి నడిపినప్పుడు పుట్టే బరకదనంలో మూడు స్వరాలను ఒకేసారి మోగించే కార్డ్ కలగాపులగమవుతుంది, గాంధారం మిగతా స్వరాలతో రాపిడి పడుతుంది. షడ్జ పంచమాలు రెండే ఉంటే ఎంత బరకగా మోగినా స్పష్టత చెడదు. ఇది ఐయోమీ కనిపెట్టినది కాదు. కాని గాయపడిన వేళ్లకు అనుకూలమైన ఈ పద్ధతిని పాటకు వెన్నెముకగా నిలిపి, దాని మీద రిఫ్‌లు, అంటే పాటంతటా తిరిగి తిరిగి వచ్చే చిన్న స్వరగుచ్ఛాలు, ఇంత సంఖ్యలో, ఇంత వైవిధ్యంతో కూర్చినవాడు మరొకడు నాకు కనిపించడు.

మూడవ అంశం దగ్గర కొంచెం ఆగుతాను. 1970 ఫిబ్రవరి 13న విడుదలైన మొదటి ఆల్బమ్‌లోని తొలి పాట ఒక భయానకమైన రిఫ్ మీద నడుస్తుంది. అందులో ఉన్నవి ప్రధానంగా షడ్జం, పై షడ్జం, ప్రతిమధ్యమం. ఆ రోజుల్లో బట్లర్ ఆంగ్ల స్వరకర్త హోల్స్ట్ రచించిన అంగారక గ్రహ సంగీతాన్ని బాస్ మీద వాయించుకునేవాడు, దాని నీడ ఇందులో ఉంది. షడ్జానికి, ప్రతిమధ్యమానికి మధ్య ఉన్న ఈ అంతరాన్ని పాశ్చాత్యులు అశుభంగా భావించారని చాలామంది రాస్తారు. మనకు ప్రతిమధ్యమం కల్యాణి రాగపు సొగసు. కాబట్టి భయం స్వరంలో లేదు. కల్యాణిలో గాంధార పంచమాలు ఆ స్వరాన్ని రెండు పక్కలా ఆదరిస్తాయి. ఇక్కడ అది ఒంటరిగా, విలంబంలో, అంటే నెమ్మది నడకలో, ఏ స్వరమూ తోడు లేకుండా కంపిస్తూ ఉండిపోతుంది. భయం ఆ ఒంటరితనంలో ఉంది.

ఆ ఆల్బమ్ రికార్డింగు దాదాపు ఒక్క రోజులో ముగిసింది. పత్రికల సమీక్షకులు చాలామంది దానిని తీసిపారేశారు. శ్రోతలు మాత్రం బ్రిటన్ ఆల్బమ్‌ల అమ్మకాల పట్టికలో మొదటి పదింటిలోకి ఎక్కించారు.

ఇక అందుకున్నవారి సంగతి. అదే బర్మింగ్‌హామ్ ప్రాంతానికి చెందిన జుడాస్ ప్రీస్ట్ రిఫ్‌ను తీసుకుని రెండు గిటార్ల మధ్య పంచింది. 1981లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన మెటాలికా రిఫ్‌కు పదును పెట్టి వేగాన్ని ఎన్నో రెట్లు పెంచింది. సబ్బాత్ 1975లోనే ఒక పాటలో ఆ వేగానికి దారి చూపింది. 2006లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి సబ్బాత్‌ను ఆహ్వానించి ప్రసంగించినది మెటాలికా సభ్యులే. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన మెల్విన్స్ వేగాన్ని కాదని విలంబాన్ని పట్టుకుంది, ఆ విలంబం సియాటిల్ నగర బృందాల చెవిలో పడింది. అక్కడి సౌండ్‌గార్డెన్ 1971 నాటి సబ్బాత్ పాట ఒకదానిని తీసుకుని, గిటార్ భాగాన్ని ఉంచి, సాహిత్యాన్ని పక్కన పెట్టి, ఆదివాసి నాయకుడు సియాటిల్ పలికినవిగా ప్రసిద్ధమైన మాటలను ఆ వరుసలో పాడింది. నాకు తెలిసినంతలో సబ్బాత్‌కు దక్కిన నివాళులలో ఇంత ఆలోచన ఉన్నది వేరొకటి లేదు. బాణీని గౌరవిస్తూనే తమ నేల గొంతును అందులో వినిపించారు.

కాలిఫోర్నియా ఎడారి ప్రాంతపు క్యూస్ బృందంలో జాష్ హోమి గిటార్‌ను ఇంకా కిందికి దించి, దానిని బాస్ యాంప్లిఫయర్ల గుండా వాయించాడు. స్లీప్ అనే బృందం ఒకే పాటను గంటకు పైగా సాగదీసింది. అది వింటే విసుగు వస్తుందనేవారితో నేను వాదించను, కాని ఒక రిఫ్ ఎంతసేపు నిలబడగలదో తేల్చుకోవడానికి అటువంటి సాహసం ఎవరో ఒకరు చేయవలసిందే. మన దక్షిణాదిలో బెంగళూరు బృందం బెవర్ సీ కూడా ఈ విలంబ మార్గంలోనిదే.

వదిలిపెట్టినదానిని గురించి ఇప్పుడు చెప్పాలి, నాకు బాధ కలిగించే విషయం ఇదే. బిల్ వార్డ్ జాజ్ డ్రమ్స్ వింటూ పెరిగినవాడు. ఆయన దరువు రిఫ్‌కు మేకులా దిగబడదు, ముందుకు ఊగుతుంది, వెనక్కి తగ్గుతుంది, గిటార్‌తో సంభాషిస్తుంది. బట్లర్ బాస్ కూడా గిటార్‌కు నకలు కాదు, తీగను లాగి తన దారిన తాను తిరిగి వస్తుంది. ఐయోమీ ఆల్బమ్‌ల నడుమ మెత్తని గిటార్ ముక్కలు, వేణువు పెట్టాడు. అనుయాయులలో అత్యధికులు బరువును తీసుకుని ఈ ఊపును, ఈ విరామాలను వదిలేశారు. శ్రుతి ఎంత దించితే అంత సబ్బాత్ అనుకోవడం వల్ల వినడానికి ఒకేలా ఉండే బృందాలు వందలుగా పుట్టాయి.

2025 జులై 5న ఆస్టన్‌లోని విల్లా పార్క్ మైదానంలో సబ్బాత్ వీడ్కోలు కచేరీ జరిగింది. మెటాలికా, పాంటెరా, టూల్, గోజిరా వంటి బృందాలు సబ్బాత్ పాటలను తమ తమ తీరులో వాయించాయి. చివరకు మొదటి నలుగురూ ఇరవై ఏళ్ల తరువాత కలిసి వేదిక ఎక్కారు. ఆజీ నిలబడలేక సింహాసనంలో కూర్చుని పాడాడు, పదిహేడు రోజుల తరువాత కన్నుమూశాడు. ఆ కచేరీలో శిష్యుల వాయిద్యం నిర్దుష్టంగా, బలంగా ఉంది. గురువుల వాయిద్యంలో తడబాటు ఉంది, దానితో పాటు ఆ ఊపు కూడా ఉంది.

అందువల్ల ఇక్కడ గిటార్ నేర్చుకుంటున్నవారికి నా విన్నపం ఒకటి: మొదటి మూడు ఆల్బమ్‌లను ముందు వార్డ్ డ్రమ్స్ కోసం, తరువాత బట్లర్ బాస్ కోసం, ఆ తరువాతే ఐయోమీ గిటార్ కోసం వినండి. ఇప్పుడు వేదిక మీద ఒకే స్వరగుచ్ఛాన్ని మూడు శ్రుతిలోను, ఒకటిన్నర శ్రుతిలోను వాయించి చూపిస్తారు. శ్రుతి దిగినప్పుడు షడ్జం మీద మీటిన మొదటి క్షణంలో తీగ ఎంత పైకి లేస్తుందో, తన స్థానానికి రావడానికి ఎంతసేపు తీసుకుంటుందో గమనించండి.