మునిగినవాళ్ల బొమ్మలు ఎవరు గీశారు?

శ్రోతలకు నమస్కారం. దేవుడి గురించి, ప్రార్థన గురించి వినబడే వాదనలను ఎలా పరీక్షించాలో ఈ రోజు చూద్దాం.

ప్రాచీన గ్రీసులో దయాగొరస్ అనే నాస్తికుడు ఉండేవాడు. సముద్రంలో తుఫాను వచ్చినప్పుడు దేవుళ్లకు మొక్కుకుని ఒడ్డున పడ్డవాళ్లు సమర్పించిన బొమ్మలను ఒక మిత్రుడు ఆయనకు చూపించి, ఇన్ని సాక్ష్యాలు చాలవా అన్నాడట. మునిగిపోయినవాళ్ల బొమ్మలు ఎవరూ గీయలేదు కదా అని దయాగొరస్ జవాబు. రెండు వేల ఏళ్ల కిందటే రోమన్ రచయిత సిసెరో రాసిపెట్టిన ముచ్చట ఇది.

"ప్రార్థించారు, జబ్బు తగ్గింది" అన్న మాట విన్నప్పుడు ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. ప్రార్థించి కోలుకున్నవాళ్లు, ప్రార్థించినా కోలుకోనివాళ్లు, ప్రార్థించకుండానే కోలుకున్నవాళ్లు, ప్రార్థించక కోలుకోనివాళ్లు. మన చెవిన పడేదంతా మొదటి గడిలోదే. రెండో గడిలో చాలామంది చెప్పడానికి మిగిలి ఉండరు. లెక్క కోసం ప్రార్థించినవాళ్లు 100 మంది, అందులో 80 మంది కోలుకున్నారు అనుకుందాం. ప్రార్థించనివాళ్లు 50 మంది, కోలుకున్నది 40 మంది. 80 పక్కన 40 చూస్తే రెట్టింపు ఫలితంలా ఉంటుంది. నిజానికి రెండు చోట్లా నూటికి 80 మందే. ఒకవేళ తేడా కనబడినా, ప్రార్థించే ఇంట్లో రోగిని కనిపెట్టుకునే మనుషులు ఎక్కువేమో అన్నది కూడా చూడాలి.

రెండో గడిని చెరిపేసే మాట ఒకటుంది: "నీ విశ్వాసం చాలలేదు." తగ్గితే ప్రార్థన గొప్పతనం, తగ్గకపోతే రోగి లోపం. ఏం జరిగినా ఓడిపోని వాదనకు ఏదీ సాక్ష్యం కాదు. పైగా నొప్పితో ఉన్న మనిషి మీద నేరం మోపడం క్రూరత్వం. ఈ మాట ఎవరైనా అంటే, ఏం జరిగితే మీ మాట తప్పని ఒప్పుకుంటారో ముందే చెప్పండని అడగండి.

హేతువులా కనబడుతూ హేతువు కానిదాన్ని మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయం హేత్వాభాసం అంది. ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలబడే వాదన అన్యోన్యాశ్రయం. గ్రంథం ఎందుకు నిజం? దేవుడు చెప్పాడు కాబట్టి. దేవుడు చెప్పాడని ఎలా తెలుసు? గ్రంథంలో ఉంది కాబట్టి. ఒక్కో మాట నుంచి దాని ఆధారానికి బాణం గీస్తే, బయలుదేరిన చోటికే తిరిగొస్తుంది.

17వ శతాబ్దపు గణితజ్ఞుడు, క్రైస్తవుడు అయిన పాస్కల్ వాదన ఇంతకంటే తెలివైనది. దేవుడున్నాడని ఆయన రుజువు చేయబోలేదు, పందెం ఎటు కాయాలో చెప్పాడు: నమ్మితే రాగల లాభం అనంతం, పోయేది కొంచెమే. చిక్కల్లా పందెంలో రెండే గుర్రాలు, ఆ ఒక్క దేవుడు ఉండటం, అసలు దేవుడే లేకపోవడం, ఉన్నాయనుకోవడం. ఒక ఇమాం కూడా ఇదే తర్కం వాడగలడని ఫ్రెంచ్ తత్వవేత్త దిదరో గుర్తుచేశాడు. ఏ వాదననైనా పరీక్షించడానికి ఇది మంచి పద్ధతి. దేవుడి పేరు తీసి ఇంకో మతం దేవుణ్ణి అక్కడ పెట్టండి. వాదన అంతే బాగా నడిస్తే అది ఏ ఒక్కరినీ నిరూపించనట్టే.

"సైన్సు చెప్పలేకపోయింది, కాబట్టి దైవమే" అన్నదాంట్లో "కాబట్టి" అనే మాటకు ముందున్నది మన తెలియనితనం ఒక్కటే.

అవతలివైపూ పొరపాటు ఉంది. నమ్మకం భయంలోంచి పుట్టింది కాబట్టి దేవుడు లేడనడం కూడా తప్పు తర్కమే. ఒక భావన ఎలా పుట్టిందన్నది వేరు, అది నిజమా కాదా అన్నది వేరు. ప్రార్థిస్తే మనసు కుదుటపడిందని ఎవరైనా అంటే దానికి వాళ్ల అనుభవమే సాక్ష్యం, నాలుగు గళ్లు అక్కర్లేదు. ఆ అనుభవాన్ని చూపించి మందులు మానేయమన్నప్పుడు మాత్రం కాగితం బయటికి తీయండి.