పెరటి పండ్ల చెట్లు: వానాకాలంలో చేయవలసిన పనులు (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. పునర్వసు కార్తె వచ్చింది, మామిడి కోతలు ముగిశాయి, నేల పదునెక్కింది. ఇంటి ఆవరణలో పెంచుకొనే పండ్ల చెట్ల గురించి మీరడిగే సందేహాలకు సమాధానాలు ఇవ్వడానికి ఉద్యాన శాస్త్రవేత్త ఒకరు ఈ రోజు మనతో ఉన్నారు. మొదటి శ్రోత హైదరాబాదు వనస్థలిపురం నుంచి మాట్లాడుతున్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా ఇంటి ముందు బంగినపల్లి మామిడి చెట్టు ఉంది. ఏపుగా, పచ్చగా ఉంటుంది కాని పూత మాత్రం ఎక్కడో ఒక కొమ్మకు తప్ప రావడం లేదు. ఈ ఏడు ఊరగాయకు కూడా కాయలు కొనుక్కోవలసి వచ్చింది.

శాస్త్రవేత్త: నమస్కారమమ్మా. అది అంటు మొక్కా, టెంక నుంచి మొలిచినదా?

శ్రోత: అంటు మొక్కేనండీ. కడియం నుంచి తెప్పించి నాటాము. ఎనిమిదేళ్లు దాటింది.

శాస్త్రవేత్త: అయితే కాపుకు వచ్చిన వయసే. కార్తీక, మార్గశిర మాసాల్లో కూడా దానికి నీళ్లు పోస్తున్నారా?

శ్రోత: ఏ రోజూ మానలేదండీ. పంపు పక్కనే ఉంది కనుక గిన్నెలు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు అన్నీ ఆ పాదులోకే పోతాయి. చలికాలంలో ఎర్రటి లేత చిగుళ్లు విరివిగా వస్తాయి. చూడడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది.

శాస్త్రవేత్త: పూత రాకపోవడానికి కారణం ఆ చిగుళ్లేనమ్మా. మామిడిలో పూత కొమ్మల చివరనే వస్తుంది, అది కూడా కొన్ని నెలల వయసున్న, ముదిరిన రెమ్మకే వస్తుంది. వానాకాలంలో వచ్చిన చిగురు ముదిరి, అక్టోబరు తరువాత నేల ఆరి, రాత్రులు చల్లబడినప్పుడు చెట్టు పెరుగుదల ఆపి పూమొగ్గ తయారుచేసుకుంటుంది. ఆ సమయంలో వేళ్లకు తడి అందుతూనే ఉంటే, చెట్టు పూత మాని మళ్లీ చిగురు వేస్తుంది. లేత చిగురు వేసిన కొమ్మ ఆ సంవత్సరానికి పూత పూయదనే అనుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ నేను చూసిన పెరటి మామిళ్లలో ఎక్కువ భాగం తిండి చాలక కాదు, అదను తప్పిన నీళ్ల వల్లనే కాపు పోగొట్టుకుంటున్నాయి.

శ్రోత: అయితే పూర్తిగా నీళ్లు మానేయాలా? ఎండిపోదా అండీ?

శాస్త్రవేత్త: ఎండిపోదమ్మా, మీ చెట్టు వేళ్లు లోతుకు దిగి ఉంటాయి. వానలు వెనకబట్టిన తరువాత, అంటే అక్టోబరు చివరి నుంచి పూత విచ్చుకొని పిందె బఠాణీ గింజంత అయ్యే వరకూ ఆ పాదులోకి చుక్క నీరు పోకుండా చూడండి. గిన్నెలు కడిగే నీటిని అరటి మొక్కలకు మళ్లించండి. పిందె నిలిచాక పది రోజులకొకసారి బాగా తడిపితే కాయ ఊరుతుంది, పిందె రాలడం తగ్గుతుంది. ఇక ఈ నెలలోనే చేయవలసిన పని మరొకటి ఉంది. చెట్టు లోపలి వైపు ఎండిన పుల్లలను, ఒకదానికొకటి రాసుకొనే కొమ్మలను తీసివేసి, పూగుత్తులు ఎండి మిగిలిన కొమ్మల చివరలను జానెడు మేర కత్తిరించండి. ఇప్పుడు కత్తిరిస్తే వచ్చే కొత్త రెమ్మలు పూత కాలానికి ముదురుతాయి. ఇదే పని దసరా తరువాత చేస్తే మళ్లీ ఆకులే మిగులుతాయి. కత్తిరింపు అయ్యాక బాగా చివికిన పశువుల ఎరువు రెండు మూడు తట్టలు వేయండి. అయితే దానిని చెట్టు మొదట్లో కుప్పగా పోయకూడదు. మధ్యాహ్నం చెట్టు నీడ అంచు ఎక్కడ పడుతుందో అక్కడ చుట్టూ జానెడు లోతు గాడి తీసి, అందులో వేసి మట్టి కప్పండి. నీటినీ పోషకాలనూ పీల్చే సన్నని వేళ్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

శ్రోత: పూత కోసం కల్టార్ అనే మందు పోయమని మా పక్కింటివారు చెబుతున్నారండీ.

శాస్త్రవేత్త: కల్టార్‌లో ఉండేది పాక్లోబ్యుట్రజాల్ అనే పెరుగుదల నియంత్రకం. పెద్ద తోటల్లో చెట్టు గొడుగు వెడల్పును బట్టి మోతాదు లెక్కకట్టి వాడతారు. మోతాదు మించితే కొమ్మలు గిడసబారిపోతాయి, నేలలోనూ చాలాకాలం ఉంటుంది. ఇంటి చెట్టుకు అది వద్దని గట్టిగా చెబుతాను. బంగినపల్లి ఒక ఏడు విరగకాసి మరో ఏడు తగ్గే రకం కనుక ఆ తేడా ఎలాగూ ఉంటుంది. ఏటా కాపు కావాలనుకొని, చోటు కూడా తక్కువగా ఉన్నవారు ఆమ్రపాలి రకాన్ని నాటుకోవచ్చు. దశేరి, నీలం రకాలను కలిపి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో రూపొందించిన ఆ రకం చెట్టు పొట్టిగా పెరుగుతుంది.

వ్యాఖ్యాత: తరువాతి శ్రోత తెనాలి నుంచి.

శ్రోత: నమస్తే మేడమ్. మా నిమ్మ చెట్టు లేత ఆకులు ముడుచుకుపోయి, వాటి మీద వంకర టింకర వెండి చారలు కనిపిస్తున్నాయి. కాయల మీద గరుకు మచ్చలు కూడా ఉన్నాయి. మందుల దుకాణంలో నాలుగు మందులు కలిపి ఇచ్చారు. కొట్టమంటారా?

శాస్త్రవేత్త: దయచేసి కొట్టవద్దు. ఇక్కడ ఉన్నవి వేరువేరు సమస్యలు. చారలు ఆకుముడత పురుగు పని. ఆ పురుగు లేత ఆకు పై పొరకు కిందనే దారి చేసుకుంటూ పోతుంది. ముదురు ఆకు జోలికి పోదు కనుక, చిగురు బయటపడిన వారంలోపే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి పిచికారి చేస్తే చాలు. కాయల మీది గరుకు మచ్చలు గజ్జి తెగులు. ఇది బాక్టీరియా వల్ల వస్తుంది, వాన చినుకులతో చిమ్ముకుంటుంది, పురుగు చేసిన గాయాల్లోంచి ఆకులోకి చేరుతుంది. అందుకే ఈ రెండూ జతగా కనిపిస్తాయి. గజ్జి పట్టిన పుల్లలను పొడిగా ఉన్న రోజున కత్తిరించి కాల్చివేసి, ఆ తరువాత లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చల్లండి. రెండింటినీ ఒకే రోజు చల్లవద్దు.

శ్రోత: మొదలు దగ్గర బంక కూడా కారుతోంది మేడమ్.

శాస్త్రవేత్త: పాదులో నీరు కాండానికి తగులుతూ నిలుస్తోందా?

శ్రోత: అవును మేడమ్, వాన పడితే రెండు రోజులు నిలుస్తుంది.

శాస్త్రవేత్త: అన్నిటికంటే ముందు దానిని సరిచేయండి. ఆకుముడతతో నిమ్మ చెట్టు చనిపోదు కాని, బంకతెగులుతో చనిపోతుంది. కాండం చుట్టూ మూరెడు వెడల్పున మట్టి ఎగదోసి గట్టు కట్టి, ఆ గట్టుకు వెలుపల మాత్రమే పాదు చేయండి. వాన నీరు బయటకు పోవడానికి కాలువ తీయండి. బంక కారే చోట కుళ్లిన బెరడును పదునైన కత్తితో గీకి, మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్టు పూయండి. అంటు కట్టిన చోటు మట్టిలో పూడిపోకుండా కూడా చూసుకోండి.

వ్యాఖ్యాత: ఏలూరు నుంచి ఒక పెద్దాయన చాలాసేపటి నుంచి వేచి ఉన్నారు.

శ్రోత: అమ్మా, మా సపోటా చెట్టుకు రెండు రకాల ఆకులు వస్తున్నాయి. ఒక వైపు కొమ్మలు చాలా జోరుగా పెరుగుతున్నాయి కాని వాటికి కాయ లేదు.

శాస్త్రవేత్త: ఆ జోరుగా పెరిగే కొమ్మల ఆకు చివర మొన తేలి ఉందా, లేక నొక్కు పడి ఉందా, చూశారా బాబుగారూ?

శ్రోత: చివర చిన్న నొక్కు ఉందమ్మా.

శాస్త్రవేత్త: అది సపోటా కాదండీ, పాల మొక్క. సపోటాను పాల మొక్క మీద అంటు కడతారు. అంటుకు కింది నుంచి మొలిచిన కొమ్మలను వదిలేస్తే అవి బలమంతా లాక్కొని పై సపోటాను అణచివేస్తాయి. వాటిని మొదలంటా కోసివేయండి, మళ్లీ మొలిస్తే లేతగా ఉన్నప్పుడే గిల్లివేయండి. ఉన్న కాయలను కోసేటప్పుడు ఒకదానిని గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా కనిపించి పాలు కారితే ఇంకా ముదరలేదని, పసుపు ఛాయలో ఉంటే కోయవచ్చని అర్థం.

వ్యాఖ్యాత: చివరి శ్రోత జడ్చర్ల నుంచి.

శ్రోత: నమస్తే మేడమ్. మాది బాలానగర్ రకం సీతాఫలం. పూత మస్తుగా వస్తుంది కాని అంతా రాలిపోతుంది. నీళ్లు, ఎరువు అన్నీ ఇస్తున్నాం.

శాస్త్రవేత్త: మీ చెట్టుకు నీళ్లూ ఎరువూ లోపం కాదండీ. సీతాఫలం పువ్వు మొదట ఆడపువ్వుగా పనిచేసి, తరువాత మగపువ్వుగా మారుతుంది. కీలాగ్రం పుప్పొడిని అందుకొనే సమయానికి అదే పువ్వులోని పుప్పొడి సిద్ధంగా ఉండదు. చిన్న పెంకుపురుగులు ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు మోయాలి. ఎండాకాలపు పొడి గాలికి కీలాగ్రం ఎండిపోతుంది కనుక వేసవి పూత రాలడం సహజం. ఇప్పుడు గాలిలో తేమ ఉంది కాబట్టి మీరే చేత్తో పరాగసంపర్కం చేయవచ్చు. సాయంత్రం, మూడు రేకులూ పూర్తిగా విచ్చుకున్న పూలను కోసి, కాగితం మీద పరిచి రాత్రంతా ఉంచండి. తెల్లవారేసరికి పుప్పొడి కాగితం మీద రాలుతుంది. ఉదయం ఎండ ఎక్కకముందే, రేకులు సగం మాత్రమే విడిన పువ్వును రెండు వేళ్లతో మెల్లగా తెరిస్తే మధ్యలో జిగటగా మెరిసే భాగం కనిపిస్తుంది. మెత్తని రంగుల కుంచెతో పుప్పొడిని అద్ది, ఆ భాగం చుట్టూ తిప్పండి. ఒక వైపే అద్దితే కాయ వంకరగా పెరుగుతుంది.

శ్రోత: చెట్టు మీద ఉన్న పూలన్నిటికీ చేయాలా మేడమ్?

శాస్త్రవేత్త: అవసరం లేదండీ. లావు కొమ్మలకు దగ్గరగా ఉన్న పూలను ఎంచుకోండి. సన్నని రెమ్మల చివర పట్టిన కాయ సరిగా ఊరదు, బరువుకు రెమ్మ కూడా విరుగుతుంది. చేసిన పువ్వుకు దారం కట్టి గుర్తు పెట్టుకుంటే, ఏ పూట చేసినవి ఎక్కువ నిలిచాయో మీకే తెలుస్తుంది. కాయ నిలిచాక వానలు మొహం చాటేస్తే మాత్రం వారానికొకసారి పాదు నిండా నీళ్లు పెట్టండి.