నెలకు 30 వేలా, 22 వేలా?

అందరికీ నమస్కారం. "రిమోట్ ఉద్యోగాల గురించి నాలుగు మాటలు చెప్పండి, పిల్లలకు ధైర్యం వస్తుంది" అని ప్రిన్సిపాల్ గారు పిలిచారు. ధైర్యం సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం.

నా మొదటి ప్యాకేజీ 3 లక్షల 60 వేలు. మా నాన్న దాన్ని పన్నెండుతో భాగించి, మావాడికి నెలకు 30 వేలని వీధంతా చెప్పేశారు. మొదటి నెల అకౌంట్లో పడింది 21,978. ఎవరో మోసం చేశారనుకున్నాను. మోసమేం లేదు, అంతా ఆఫర్ లెటర్ చివరి పేజీలోనే ఉంది. నేనే చదవలేదు. ఆ ప్యాకేజీలోనే కలిపేసినవి ఇవి: పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే 36 వేలు, అది ఏడాది చివర, అదీ ఇస్తే. కంపెనీ వాటా పీఎఫ్ 21,600. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, 8,658. ఇన్సూరెన్స్ 6 వేలు. మిగిలినదాంట్లోంచి నెలనెలా నా వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. పీఎఫ్ ఎటూ మన డబ్బే, దాని మీద నాకు కోపం లేదు. గ్రాట్యుటీ అలా కాదు. రెగ్యులర్ ఉద్యోగికి మామూలుగా ఐదేళ్లు నిండితేనే వస్తుంది. రెండేళ్లకే కంపెనీ మారే మనకు అది కాగితం మీద చూసుకుని మురిసిపోవడానికే.

ఇక గంటల సంగతి. మా ఊళ్లో మేడ మీద గదే నా ఆఫీసు. పొద్దున తొమ్మిదిన్నరకు స్టాండప్, అంటే టీమంతా కలిసే చిన్న మీటింగ్, రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా క్లయింట్‌తో కాల్. నవంబర్‌లో వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటే, మనకది పదిన్నర అయ్యేది. అమ్మ కంచంలో అన్నం కలిపి మెట్లెక్కి వచ్చి, "ఇంట్లోనే ఉన్నావుగా, ఇంకా ఆఫీసేంట్రా" అని గుమ్మంలోనే నిలబడేది. నేను మ్యూట్ నొక్కి చెయ్యి ఊపేవాణ్ణి. నెలకు 22 రోజులు, రోజుకు తొమ్మిది గంటలు చేస్తే గంటకు 111 రూపాయలు. పదమూడు గంటలైతే 77. జీతం ఎవరూ కోయలేదు. "ఓకే సర్" అని టైప్ చేసి చేసి నేనే కోసుకున్నాను.

కొత్తవాడికి లెక్కలెందుకు, పని నేర్చుకోవాలిగానీ అంటారు. కొంత నిజమే. ఒకసారి ఒకే ఎర్రర్ ముందు రెండు రోజులు నోరు మెదపకుండా కూర్చున్నాను. ఆఫీసులో అయితే పక్క సీటువాళ్లు మొహం చూసి అడిగేవారు. ఇంట్లో ఎవరు చూస్తారు? అరగంటలో అడిగి ఉంటే మా సీనియర్ ఐదు నిమిషాల్లో తేల్చేసేవారు. ఆ తప్పు నాదే.

ఇంకోటి. లెటర్‌లో 'కన్సల్టెంట్' అని ఉంటే ఆగి చదవండి. అంటే మీరు రెగ్యులర్ ఉద్యోగి కాకపోవచ్చు. సాధారణంగా పీఎఫ్ ఉండదు, జీతంతో కూడిన సెలవులూ ఉండవు. లాప్‌టాప్ పంపుతాం, ముందు డిపాజిట్ కట్టమన్నారంటే మాత్రం చదవడానికేం లేదు, ఫోన్ పెట్టేయండి.

మీలో ఎవరికైనా ఆఫర్ వచ్చి ఉంటే ఆ చివరి పేజీ తీసి ముందుకు రండి. ఫోన్‌లో ఉన్నా పర్లేదు. బోర్డు మీద ఆ లెక్క కూడా వేద్దాం.